ఫీల్డ్‌కి ఫోన్ చాలదా, కంపాస్ మోయాల్సిందేనా?

ఒంగోలు ఎమ్మెస్సీ:
వచ్చే నెల మా జియాలజీ క్యాంపు. క్లాసు మొత్తానికి బ్రంటన్ కంపాస్‌లు నాలుగే, అందులో ఒకదాని సూది ఇరుక్కుపోయింది. యాప్ పెట్టుకుని ఫోన్‌ని రాతికి ఆనిస్తే స్ట్రైక్ (పొర సాగే దిక్కు), డిప్ (అది వాలిన కోణం) క్షణంలో వస్తాయి, జీపీఎస్ పాయింటుతో సహా. సార్ మాత్రం ఫోన్లు సంచిలో పడేయమంటున్నారు. చాదస్తం కాదా ఇది?

పాత సుత్తి:
కొణిజేడు కొండెక్కాక చెబుదువుగాని తమ్ముడూ. అక్కడిది మాగ్నటైట్ క్వార్ట్‌జైట్, నల్ల చారల్లో అంతా ఇనుమే. ఓసారి పిల్లల్ని తీసుకెళ్తే ఒకమ్మాయి కంపాస్ ఆనించగానే సూది పక్కకి లాక్కుపోయింది. పదడుగులు జరిగితే ఇంకో దిక్కు. "పాడైంది సార్" అంది. పాడవలేదమ్మా, రాయి లాగుతోంది అన్నా. ఫోన్ పెట్టినవాడు మాత్రం వచ్చిన నంబరు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

గొలుసు లెక్క:
అన్నా, ఫోన్‌లో ఉన్నదీ అయస్కాంత సెన్సారే, రెండూ తప్పే చూపిస్తాయి. డిప్‌కి ఢోకా లేదు, అది భూమ్యాకర్షణ మీద ఆధారపడేది. చెడేది స్ట్రైకే. మా సర్వేలో దీన్ని లోకల్ అట్రాక్షన్ అంటాం. నేల మీద ఒక గీత అనుకుని, దానికి ఈ కొస నుంచి ఒక బేరింగ్ (ఉత్తరం నుంచి కోణం), ఆ కొస నుంచి ఇంకోటి తీయండి. తేడా 180 డిగ్రీలు రాకపోతే అక్కడ ఏ పరికరం చూపే దిక్కునీ నమ్మొద్దు.

ఒంగోలు ఎమ్మెస్సీ:
రెండూ తప్పయినప్పుడు ఫోన్ చేసిన పాపమేంటి అన్నా?

పలకరాయి:
పరికరం కోసం కొట్టుకుంటున్నారు గానీ, అసలు తప్పు అంతకు ముందే జరుగుతుంది. మార్కాపురం పలకల గనుల్లో (మనం అఆలు దిద్దిన పలకలే) ఒక బ్యాచ్ యాప్‌తో 40 రీడింగులు తీసింది. అన్నీ చక్కగా ఒకేలా ఉన్నాయి. బెడ్డింగ్ (రాయి మొదట పేరుకున్న పొర) అని రాసుకున్నారు. అది క్లీవేజ్! ఒత్తిడికి రాయిలో పుట్టిన చీలిక తలం. కూలీ ఉలి పెట్టి విడదీసేది దాని వెంటే, అందుకే అదే పొర అనిపిస్తుంది. నేను ఒక పలక అంచు మీద బాటిల్ నీళ్లు పోశా. చీలికని ఏటవాలుగా కోస్తూ సన్నటి రంగు చార తేలింది. రాయి కాకముందు బురదగా పేరుకున్న పొర అదీ. ఫోన్ ఆనించాల్సింది ఏ తలానికో తెలియనివాడికి బ్రంటన్ ఇచ్చినా అవే 40 తప్పులు.

పాత సుత్తి:
ఇది ఒప్పుకుంటా. అయినా మొదటి రెండు రోజులు కంపాసే ఇస్తా. నాలుగే ఉంటే వంతు వచ్చేదాకా రాయిని చూడక తప్పదు కదా!

ఒంగోలు ఎమ్మెస్సీ:
సరే, రెండూ తెస్తా. ఆ ఇరుక్కున్న సూది సంగతి?

గొలుసు లెక్క:
మూత వేస్తే సూదిని ఎత్తిపట్టే చిన్న పిన్ను ఉంటుంది. నొక్కి వదిలితే పైకి రావాలి. రాకపోతే అక్కడ దుమ్ము పట్టినట్టే.