వాటర్ ట్యాంకు సెన్సర్ నిండే టైముకే తప్పు చూపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): మా అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు మూతకి లోపలివైపు అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టించాం. ముప్పావు దాకా లెవెల్ సరిగ్గానే చూపిస్తుంది. నిండబోయే టైముకి అంకెలు ఎటుపడితే అటు గెంతుతున్నాయి. మోటారు ఆగక నీళ్లు పొంగి మెట్ల మీదకి వస్తున్నాయి. ఎండాకాలంలో ఇలా నీళ్లు పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. సెన్సర్ పోయినట్టేనా అండి?

జవాబు (గాజువాక): పోలేదండీ, అప్పుడే కొత్తది కొనకండి. ట్యాంకు నిండినప్పుడు నీటికీ సెన్సర్‌కీ మధ్య ఎంత ఎడం ఉందో టేపు పెట్టి చూడండి. మీది ఒకే గుండ్రటి ముఖం ఉన్న వాటర్‌ప్రూఫ్ రకమైతే, 20–25 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని సాధారణంగా అది పట్టలేదు.

మన చెవికి అందని 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని అది ఒక్క క్షణం పంపి, నీటిని తాకి వచ్చే ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. పట్టిన సమయాన్ని ధ్వని వేగంతో గుణించి సగం చేస్తే దూరం. పంపేదీ వినేదీ ఒకే ముఖం కదా, కొట్టడం ఆపినా గుడి గంట మోగుతూనే ఉన్నట్టు, ఆ పలక కాసేపు అదురుతూనే ఉంటుంది. ఆలోపే ప్రతిధ్వని వచ్చేస్తే దానికి తెలియదు.

అందుకని దూరం 30 సెంటీమీటర్లకి రాగానే మోటారు ఆగేలా సెట్ చేయించండి. అంచు దాకా నిండాలంటే సెన్సర్‌ని ఆ మేరకు పైకి లేపాలి. సన్నటి పైపులో మాత్రం పెట్టించొద్దు, పైపు గోడల నుంచే దొంగ ప్రతిధ్వనులు వస్తాయి. నీళ్లు పడే చోటికి దూరంగా, తిన్నగా కిందికి చూసేలా బిగించాలి. వీటితోపాటు ఒక ఫ్లోట్ స్విచ్ (నీటితో పాటు తేలుతూ పైకి లేచి మోటారు ఆపేది) కూడా తప్పకుండా ఉంచండి. బీచ్ దగ్గర ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా పాడవుతాయి, వాటినీ మూసి ఉంచండి.

ఎండ ప్రభావం కూడా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, 40 దగ్గర సుమారు 355. వేడిని లెక్కలోకి తీసుకోని సెన్సర్ మీటరు దూరాన్ని మూడు సెంటీమీటర్లకు పైగా తక్కువ చూపిస్తుంది. ట్యాంకుకి అది పర్లేదు.

ప్రశ్న (పెందుర్తి): అన్నా, మాది చిన్న ప్యాకింగ్ యూనిట్. బెల్టు మీద గాజు సీసాలు లెక్కపెట్టడానికి ఇది పనికొస్తుందా? ఇప్పుడున్న ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని వెలుగు) సెన్సర్ కొన్నిటిని వదిలేస్తోంది.

జవాబు (గాజువాక): పనికొస్తుంది తమ్ముడూ. వెలుగు గాజులోంచి దూరిపోతుంది, శబ్దం మాత్రం గాజుకి తగిలి ఆగుతుంది. అయితే గుండ్రటి సీసా శబ్దాన్ని పక్కలకి చెదరగొడుతుంది. బెల్టుకి అవతల చదునైన రేకు నిలబెట్టి, రేకు నుంచి వచ్చే ప్రతిధ్వని తెగినప్పుడల్లా ఒక సీసా అని లెక్కపెట్టించు. సీసాల మధ్య కాస్త ఎడం ఉండాలి, ఆనుకుని వస్తే రెండూ ఒకటే అనుకుంటుంది.