‘హౌస్ ఆఫ్ ది లాంగ్ షాడోస్’: నలుగురు హారర్ దిగ్గజాలున్నా ఎందుకిలా అయింది?

పాతరీలు: విన్సెంట్ ప్రైస్, పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ, జాన్ కారడైన్ నలుగురూ కలిసి చేసిన ఒకే ఒక్క సినిమా ఇది (1983). ఎంతో ఆశగా చూశాను, ఉసూరుమనిపించింది. హీరో పందెం కాసి, పాడుబడ్డ బంగళాలో 24 గంటల్లో నవల రాయడానికి వస్తాడు. అంత మంచి పాయింటు ఎక్కడ చెడింది? ఈ నలుగురిలో ఎవరిదైనా మంచి సినిమా ఉంటే చెప్పండి.

కొవ్వొత్తి: క్లైమాక్స్‌లో చెడింది. హత్యలన్నీ ఉత్త నాటకమట! అంతసేపు భయపడుతూ కూర్చున్నవాళ్లను మోసం చేయడమే ఇది.

నిద్రరాదు: స్పాయిలర్ అని ముందు రాయాలని తెలియదా? ఈ వీకెండ్ చూద్దామనుకున్నాను!

కొవ్వొత్తి: నలభై ఏళ్లు దాటిన సినిమాకి స్పాయిలర్ ఏంటండీ?

నిద్రరాదు: చూడనివాడికి అది కొత్త సినిమానే. కాస్త మర్యాద నేర్చుకోండి.

తెరవెనుక: నాటకాల్లో పండిపోయినవాణ్ని, నా మాట వినండి. మూలం 1913 నాటి నవల, దాన్ని నాటకంగా మలిచింది జార్జ్ ఎం. కోహన్. ఇలాంటి మెలిక ఆ నాటకంలోనే ఉంది. దర్శకుడు పీట్ వాకర్‌ని తిట్టి లాభం లేదు. పాపం, దీని తర్వాత ఆయన మళ్లీ సినిమా తీయలేదు.

సెకండ్‌షో: మెలిక సంగతి తర్వాత. కారడైన్ 1906లో పుట్టాడు, ప్రైస్ 1911లో. అయిదేళ్ల తేడాతో తండ్రీకొడుకులా? ఎవరు నమ్ముతారు?

తెరవెనుక: ‘అర్ధాంగి’లో గుమ్మడి గారు తనకంటే పెద్దవాడైన అక్కినేనికి తండ్రిగా వేయలేదా? వయసు కాదండీ, నటన చూడాలి.

సెకండ్‌షో: గుమ్మడి గారితో పోలికా! ఆయనకు పాత్ర ఉంది. కారడైన్‌కి ఏం ఇచ్చారు? కుర్చీలో కూర్చోబెట్టారంతే.

తెరవెనుక: కీళ్లవాతంతో వంకర్లు తిరిగిన ఆ చేతులు చూశారా? ఆ మనిషి తెర మీద కనిపించడమే గొప్ప. నటన తెలియనివాళ్లతో వాదించలేను.

సెకండ్‌షో: అందుకే అంటున్నా, అంతటి నటుణ్ని వృథా చేశారని!

మంచుకోట: కుషింగ్‌ని ఎవరూ తలుచుకోలేదేం? ‘ర’ పలకలేని ఆ పిరికి సెబాస్టియన్ కోసమే నేను మళ్లీ మళ్లీ చూస్తాను. అసలు తప్పు డెసీ ఆర్నాజ్ జూనియర్‌ని హీరోగా పెట్టడం. ఈ నలుగురి ముందు తేలిపోయాడు.

కొవ్వొత్తి: ఇది నిజం.

మంచుకోట: పాతరీలు గారూ, 1972లో వచ్చిన ‘హారర్ ఎక్స్‌ప్రెస్’ చూడండి. లీ, కుషింగ్ ఇద్దరూ ఒకే రైల్లో ఉంటారు, ఇద్దరికీ చేతినిండా పని ఉంది. మసక ప్రింట్లు చాలా తిరుగుతున్నాయి, బ్లూరే దొరికితే అదే చూడండి.