ప్లాంటెడ్ ట్యాంక్‌లో నల్ల నాచు వదలట్లేదు, డ్రాప్ చెకర్ మాత్రం ఆకుపచ్చగానే ఉంది

మణికొండ_ట్యాంక్:
అందరికీ నమస్తే. మూడు నెలల నుంచి పోరాడుతున్నా, ఇక మీరే చెప్పాలి. నాది నీటి మొక్కలు పెంచే అక్వేరియం, 36 బై 18 బై 18 ఇంచుల ట్యాంక్, సాయిల్ రాళ్లు పోను నీళ్లు ఒక 155 లీటర్లు ఉంటాయి. మధ్యలో పెద్ద డ్రిఫ్ట్‌వుడ్, దాని మీద అనుబియాస్, జావా ఫెర్న్, వెనకాల రోటాలా, ఎడమ పక్క వాలిస్నేరియా. ఎల్ఈడీ లైట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్), డబ్బా మీద గంటకు 1000 లీటర్లు అని రాసుంది. మొక్కల కోసం 2 కేజీల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్, సోలినాయిడ్ (టైమర్‌తో గ్యాస్ ఆపే కరెంట్ వాల్వ్) లేదు కాబట్టి రోజంతా ఆన్‌లోనే ఉంటుంది, సెకనుకు 3 బబుల్స్.

సమస్య ఏంటంటే వుడ్ కుడి వైపు మొత్తం, అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లగా గడ్డం లాగా నాచు పట్టేసింది, గోకినా రాదు. రోటాలా ఎడమ పక్కన బాగానే పెరుగుతోంది కానీ కుడి మూలలో ఉన్నది కింద ఆకులు రాల్చేసి పుల్లల్లా నిలబడింది. ఇంకో భయం, పొద్దున 7కి చూస్తే కార్డినల్ టెట్రా చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఇప్పటికి రెండు చనిపోయాయి. డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి) ఆకుపచ్చగానే ఉంది, అంటే సీఓటూ సరిపోతున్నట్టే కదా, మరి నాచు ఎందుకొస్తోంది? బబుల్స్ ఇంకా పెంచాలా తగ్గించాలా అర్థం కావట్లేదు. నీళ్లు బోర్‌వి, కేహెచ్ (కార్బొనేట్ గట్టిదనం) 12 వచ్చింది.

గ్రీన్‌గ్లాస్_విజయవాడ:
బ్రో 8 గంటల లైట్ ఎక్కువ, 5 గంటలకి తగ్గించు, ఎరువులు ఒక నెల ఆపేయ్. నాచుకి తిండి లేకపోతే అదే పోతుంది. నాకు పచ్చ నీళ్లు వచ్చినప్పుడు అలాగే పోయింది.

రోటాలా_ప్రేమికుడు:
లైట్ తగ్గించమన్నది కరెక్టే, 6 గంటలు చాలు, కానీ ఎరువులు ఆపడం మాత్రం వద్దు బ్రో. పచ్చ నీళ్లు వేరే కథ, ఇది వేరే. ఆకలితో ఉన్న మొక్క ముసలాకుల్ని వదిలేసుకుంటుంది, ఈ నల్ల గడ్డం నాచు మొదట పట్టేదే ఆ ముసలాకుల్ని, చచ్చే ఆకుల్ని. ఎరువులు ఆపి నా ట్యాంక్ ఒకసారి బాగా పాడైంది.

మణికొండ బ్రో, మీ పోస్ట్‌లో జవాబు మీరే రాసేశారు, ఎడమ పక్క రోటాలా బాగుంది కుడి మూలది పుల్ల అయింది అన్నారు చూడండి, అదే. రెండూ ఒకే నీళ్లలో ఒకే లైట్ కింద ఉన్నాయి, ఎరువులు కూడా ఒకటే. తేడా ఏంటంటే ఒకదానికి సీఓటూ చేరుతోంది, ఇంకోదానికి చేరట్లేదు. గ్యాస్ నీళ్లలో విస్తరించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ, పైగా ప్రతి ఆకు చుట్టూ కదలని నీటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది, మొక్క ఆ పొరలో ఉన్న సీఓటూ వాడేసుకున్నాక కొత్త నీళ్లు వచ్చి తాకకపోతే అది కడుపు మాడ్చుకుని కూర్చోవాల్సిందే. అందుకే బబుల్స్ ఎన్ని అని అడిగే ముందు నీళ్లు ఎటు తిరుగుతున్నాయి అని చూడాలి. నాలుగు ప్రశ్నలు: డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్న బబుల్స్‌గా వదిలేది) ఎక్కడ, ఫిల్టర్ నీళ్లు ఎక్కడ వదులుతోంది ఎక్కడ పీలుస్తోంది, డ్రాప్ చెకర్ ఎక్కడ పెట్టారు, అందులో ఏం నీళ్లు పోశారు?

మణికొండ_ట్యాంక్:
లిల్లీ పైప్ (ఫిల్టర్ నీళ్లు వదిలే గాజు పైపు) ఎడమ వైపు, డిఫ్యూజర్ సరిగ్గా దాని కింద, డ్రాప్ చెకర్ కూడా ఎడమ గాజు మీదే డిఫ్యూజర్‌కి కాస్త పైన. ఇన్‌టేక్ (నీళ్లు పీల్చే పైపు) కుడి మూల. చెకర్‌లో ట్యాంక్ నీళ్లే పోసి రంగు చుక్కలు వేశా, షాపులో అలాగే చెప్పారు.

రోటాలా_ప్రేమికుడు:
ఇక తెలిసిపోయింది. ముందు చెకర్ సంగతి. అందులో ట్యాంక్ నీళ్లు కాదు, 4 కేహెచ్ ద్రావణం పోయాలి, అది రెడీమేడ్ దొరుకుతుంది, ఆ ద్రావణంలో ఆకుపచ్చ రంగు వస్తేనే సీఓటూ సుమారు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) అని లెక్క. మీ 12 కేహెచ్ నీళ్లతో పచ్చ వచ్చిందంటే దాని లెక్కే వేరు. ఇంకోటి, డిఫ్యూజర్ పైనే పెడితే సన్న బబుల్స్ నేరుగా చెకర్ మూతిలోకి దూరిపోతాయి, అది ట్యాంక్ నీళ్లని కాదు, సిలిండర్‌ని కొలుస్తున్నట్టు. దాన్ని కుడి మూలకి, వుడ్ వెనక్కి, కిందికి మార్చండి, మీ ట్యాంక్‌లో అన్నిటికంటే బీద మొక్క ఎక్కడుందో అక్కడ. అక్కడ నీలం కనపడుతుంది చూడండి, నీలం అంటే సీఓటూ తక్కువని. మార్చాక రెండు గంటలైనా ఆగాలి, రంగు వెంటనే మారదు.

రెండోది, పీహెచ్ పెన్ ఉంటే క్యాలిబ్రేట్ చేసి, ఒక గ్లాసు ట్యాంక్ నీళ్లు తీసి ఒక రోజు బయట పెట్టి కొలవండి. కేహెచ్ 12 అయితే 8.1 దగ్గర, లేదా ఇంకాస్త పైన రావాలి. దాని నుంచి ఒక పాయింట్ తగ్గి 7.1కి వస్తే సీఓటూ 28, 30 పీపీఎం దగ్గర ఉన్నట్టు. ట్యాంక్ పీహెచ్ పొద్దున చేపలు తేలినప్పుడు ఒకసారి, సాయంత్రం 5కి ఒకసారి చూసి ఇక్కడ రాయండి.

మూడోది, ఫిల్టర్ డబ్బా మీద రాసినదాన్ని నమ్మొద్దు, అది లోపల మీడియా (స్పాంజి, రింగుల్లాంటివి) లేకుండా కొలిచిన లెక్క. ఔట్‌లెట్ పైపు బకెట్లోకి పెట్టి 10 లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడండి, బకెట్‌ని ట్యాంక్ అంచు ఎత్తులోనే పట్టుకోవాలి, కింద నేల మీద పెడితే లెక్క తప్పొస్తుంది.

మణికొండ_ట్యాంక్:
చేశా అన్నా. బయట పెట్టిన గ్లాసు 8.1 వచ్చింది, మీరు చెప్పినట్టే. పొద్దున 7కి ట్యాంక్‌లో 6.9, సాయంత్రం 5కి 7.3. బకెట్ నిండడానికి 80 సెకన్లు పట్టింది. అంటే గంటకు 450 లీటర్లేనా? చెకర్ కుడి మూలకి మార్చి 4 కేహెచ్ పోశాను, మూడు గంటలైనా నీలంగానే ఉంది.

రోటాలా_ప్రేమికుడు:
లెక్క చూడండి. కేహెచ్‌ని 3తో గుణించి, దాన్ని మళ్లీ 10 పవర్ (7 మైనస్ పీహెచ్)తో గుణించాలి, వచ్చేదే సీఓటూ పీపీఎం. పొద్దున 6.9 అంటే 45 పీపీఎం, మొక్కలు నిద్రపోయే టైమ్‌లో చేపలకి ఊపిరాడనంత. సాయంత్రం 7.3 అంటే 18 పీపీఎం, మొక్కలకి నిజంగా కావాల్సిన టైమ్‌లో 30 కంటే బాగా తక్కువ, అది కూడా ఎడమ పక్క, కుడి మూలలో ఇంకా తక్కువ. రోజూ ఇలా ఊగుతుంటే గడ్డం నాచుకి పండగే, దానికి కావాల్సిందే నిలకడ లేని సీఓటూ. కాబట్టి బబుల్స్ పెంచడం తగ్గించడం రెండూ కాదు, గ్యాస్ వచ్చే టైమూ తిరిగే దారీ మార్చాలి.

భీమవరం_చెరువుగట్టు:
ఏవండీ, నాకు ప్లాంటెడ్ ట్యాంక్ కొత్త, ఒక్క ఏడాది నుంచే, కానీ మాది రొయ్యల చెరువులండి, ఇరవై ఏళ్ల నుంచి ఇదే చూస్తున్నాం. పొద్దున చేపలు తేలడం అన్నారు చూడండి, అది మాకు రోజూ ఉండే భయమే. పగలు పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ లాక్కుని సీఓటూ వదులుతుంది, తెల్లారే ముందు 4, 5 గంటలకి నీళ్లు అన్నిటికంటే చెడ్డగా ఉంటాయి, అందుకే ఆ టైమ్‌కి అందరం ఏరేటర్లు వేసుకుని గట్టు మీద ఉంటాం. పీహెచ్ కూడా అంతే, తెల్లారి తక్కువ సాయంత్రం ఎక్కువ. మీ ట్యాంక్ మొక్కలూ రాత్రి అదే పని చేస్తాయండి, దానికి తోడు మీరు రాత్రంతా సిలిండర్ వదులుతున్నారు. ఎండాకాలం ఇంకా కష్టం, 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీలకి 7.6 మాత్రమే. మీ ట్యాంక్ పైన నూనె తెట్టు లాంటిది ఉందా? ఉంటే గాలి లోపలికి పోదు. లిల్లీ పైప్ కాస్త పైకెత్తి అల తగిలేలా చేయండి, తెట్టు విరిగిపోవాలి.

గ్రీన్‌గ్లాస్_విజయవాడ:
కానీ పైన నీళ్లు కదిలిస్తే సీఓటూ పోతుంది కదా సార్, డబ్బులు పెట్టి వదిలిన గ్యాస్. అందుకే నేను పైన అల రాకుండా పెట్టుకున్నా.

భీమవరం_చెరువుగట్టు:
పోతుందండి, కాదనను, కానీ పోయేది గ్యాసు, మిగిలేది చేప. గ్యాస్ ఎంత పోతే అంత ఇంకో బబుల్ పెంచి పూడ్చుకోవచ్చు, ఆక్సిజన్ అలా కొనుక్కోలేం. పైగా పైన సన్నగా అల ఉంటే రోజూ ఒకే రకంగా పోతుంది, ఒకరోజు తెట్టు పట్టి ఒకరోజు పట్టకుండా ఉంటేనే లెక్క తప్పుతుంది.

రోటాలా_ప్రేమికుడు:
ఈ మాట నేను చెప్పాలనుకున్నదే, థాంక్స్ అండి. నీళ్లు తుళ్లి శబ్దం చేయక్కర్లేదు, ఉపరితలం వణికితే చాలు.

మణికొండ బ్రో ఇప్పుడు దారి చెప్తా. ఇన్‌టేక్ కూడా ఎడమ పక్కకే తెచ్చేయండి, ఔట్‌లెట్ పక్కనే. డిఫ్యూజర్‌ని కుడి గాజు మీద, కింద పెట్టండి. అప్పుడు లిల్లీ పైప్ నీళ్లు పైన కుడికి పోయి, కుడి గాజుకి తగిలి కిందికి దిగుతాయి, దిగేటప్పుడు పైకొస్తున్న సన్న బబుల్స్‌ని కిందికి తోసుకుంటూ నేల మీదుగా మళ్లీ ఎడమకి వస్తాయి, గుండ్రంగా ఒక చుట్టు. బబుల్స్ నేరుగా పైకొచ్చి పగలడం ఆగాలి. మీ వుడ్ మధ్యలో నీటి పైదాకా ఉంటే ఈ చుట్టుని అడ్డుకుంటుంది, దాన్ని కాస్త వెనక్కి తిప్పండి, ఇంకా వెనకాల చచ్చు మూల మిగిలితే చిన్న వేవ్‌మేకర్ ఒకటి, నెమ్మదిగా తోసేది. అన్ని మొక్కల ఆకులూ కాస్త ఊగుతున్నాయా లేదా అన్నదే పరీక్ష, వాలిస్నేరియా పడుకునిపోతే ఎక్కువైనట్టు.

ఫిల్టర్ హోసులు ఎప్పుడు కడిగారు? లోపల జిగురు పట్టి సగం దారి మూసుకుపోతుంది, పొడుగు బ్రష్ దొరుకుతుంది, దాంతో కడగండి. తెల్ల మెత్తటి ప్యాడ్ ఉంటే అది తీసి మార్చండి, మిగతా మీడియాని ట్యాంక్ నీళ్లలోనే నెమ్మదిగా పిండండి, కుళాయి కింద కాదు.

ఇక సోలినాయిడ్ తప్పదు బ్రో. లైట్ 3 నుంచి 9, సీఓటూ 1కి ఆన్ 8కి ఆఫ్. లైట్ వెలిగేసరికే పీహెచ్ 7.1కి దిగి ఉండాలి, మొక్కల మొదటి గంటలే ముఖ్యం. కరెంట్ పోతే ఏమవుతుందో కూడా చూసుకోండి, ఫిల్టర్ ఆగి సీఓటూ మాత్రం నడవకూడదు, రెండూ ఒకే లైన్ మీద ఉండాలి, వీలైతే ఫిల్టర్‌ని ఇన్వర్టర్‌కి ఇవ్వండి. చాలాసేపు ఆగిన క్యానిస్టర్ లోపలి నీళ్లు చెడిపోతాయి, కరెంట్ రాగానే అవన్నీ ట్యాంక్‌లోకి కక్కుతుంది.

మణికొండ_ట్యాంక్:
అన్నా ఉన్న నాచు సంగతి? సియామీస్ ఆల్గే ఈటర్ తెచ్చుకోవచ్చా?

రోటాలా_ప్రేమికుడు:
నిజమైన సియామీస్ అయితే ఈ నల్లది తింటుంది, చిన్నగా ఉన్నప్పుడు, పెద్దయ్యాక చేపల ఫుడ్ మరిగి పట్టించుకోదు. షాపుల్లో ఫ్లయింగ్ ఫాక్స్‌ని అదే పేరుతో ఇచ్చేస్తారు, నల్ల గీత తోక రెక్క చివరిదాకా పోయి, మిగతా రెక్కలు రంగు లేకుండా ఉంటేనే అసలుది. అమానో రొయ్యలు సన్న దారాల నాచు బాగా తింటాయి, ఇది వాటివల్ల కాదు.

ఎక్కువ పట్టిన ఆకులు కత్తిరించేయండి, అవి ఇక బాగుపడవు. వుడ్ మీద ఉన్నదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికేది ఎక్కువగా 6 శాతం ఉంటుంది, సగానికి సగం ఆర్వో నీళ్లు కలిపి 3 శాతం చేసుకోండి. ఫిల్టర్ ఆపి, సిరంజితో నాచు మీదే మెల్లగా వదలాలి, పది నిమిషాలాగి ఫిల్టర్ వేయండి. నేను 155 లీటర్లకి ఒక రోజు 30 ఎంఎల్ దాటను, రొయ్యలుంటే ఇంకా తక్కువ. రెండు మూడు రోజుల్లో ఎర్రగా, గులాబీ రంగులోకి మారితే చచ్చినట్టే, అది పుట్టుకతో ఎర్ర నాచు జాతే, చచ్చేటప్పుడు అసలు రంగు బయటపడుతుంది. లిక్విడ్ కార్బన్ అని అమ్మే గ్లూటరాల్డిహైడ్ మాత్రం మీకు వద్దు, వాలిస్నేరియా కరిగిపోతుంది.

భీమవరం_చెరువుగట్టు:
ఒక్కటి మర్చిపోయా. బోర్ నీళ్లు మోటార్ నుంచి నేరుగా పోస్తున్నారా? భూమిలోంచి వచ్చిన నీళ్లలోనే సీఓటూ ఎక్కువుంటుందండి, పోసిన రోజు ఒక పీహెచ్, మర్నాడు ఇంకోటి. డ్రమ్ములో పట్టి ఒక రోజు గాలి వదిలి అప్పుడు పోయండి.

మణికొండ_ట్యాంక్:
ఆరు వారాల తర్వాత వచ్చా, క్షమించాలి, ఫలితం చూశాకే రాద్దామని ఆగాను. బోర్ నీళ్లు నిజంగానే మోటార్ దగ్గర 7.2, డ్రమ్ములో మర్నాటికి 8.1. ప్రతి ఆదివారం నీళ్లు మార్చి సీఓటూని నేనే ఊపుతున్నా అన్నమాట. హోసుల్లోంచి వచ్చిన జిగురు చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. కడిగాక బకెట్ 50 సెకన్లలో నిండింది, అంటే గంటకు 720. దీంతో పాటు వుడ్ వెనకాల చిన్న వేవ్‌మేకర్ పెట్టా. డిఫ్యూజర్, ఇన్‌టేక్ మీరు చెప్పినట్టే మార్చా, మొదటిరోజే సన్న బబుల్స్ నేల మీద రోటాలా మధ్యలోంచి పోతుంటే అరగంట అక్కడే కూర్చుని చూశా. ఇప్పుడు పొద్దున 7.7, మధ్యాహ్నం 3కి 7.1, రాత్రి 8కి 7.1, చేపలు ఒక్కరోజు కూడా తేలలేదు. కుడి మూలలో చెకర్ పచ్చ.

వుడ్ మీద నాచు రెండు విడతల పెరాక్సైడ్‌కి గులాబీ రంగు అయి రాలిపోయింది, మళ్లీ కొత్తది రాలేదు. అనుబియాస్ ఆకులు సగానికి పైగా కోసేశా, ఇప్పుడు నాలుగు కొత్త ఆకులు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. రోటాలా కుడి మూలది కూడా పైదాకా వచ్చేసింది, కొనలు ఎర్రబడుతున్నాయి.

ఒక చిన్న డౌట్, గాజు మీద గట్టి పచ్చ చుక్కలు మొదలయ్యాయి, ఇదీ సీఓటూనేనా?

రోటాలా_ప్రేమికుడు:
సూపర్ బ్రో, చాలా సంతోషం. ఆ పచ్చ చుక్కలు ఎక్కువసార్లు ఫాస్ఫేట్ తక్కువైనా, లైట్ గాజుకి దగ్గరగా ఉన్నా వస్తాయి. పాత ఏటీఎం కార్డుతో గీకేయండి, ఫాస్ఫేట్ కాస్త పెంచి మూడు వారాలు చూడండి. ఇంకేమీ మార్చొద్దు ఈలోపు, ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మణికొండ_ట్యాంక్:
సరే అన్నా. రోటాలా కోతలు ఒక బకెట్ నిండా ఉన్నాయి, మణికొండ, గచ్చిబౌలి వైపు ఎవరికైనా కావాలంటే ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేం వద్దు, తడి గుడ్డ, కవర్ తెచ్చుకోండి చాలు.