మోకాలు లేటరల్‌లో కాండైల్స్ కలవట్లేదు, ఎటు తిప్పాలి?

సూరి_డీఆర్:
అందరికీ నమస్తే. మోకాలు లేటరల్‌లో (పక్క నుంచి తీసే ఎక్స్‌రే) తొడ ఎముక కింది కొసలోని రెండు కాండైల్స్ (గుబ్బలు) ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పడుతున్నాయి. రిపీట్‌కి అంచనాగా తిప్పితే ఒక్కోసారి ఇంకా పాడవుతోంది. ఇమేజ్ చూసి ఎటు తిప్పాలో ఎలా చెప్తారు? చెస్ట్ పీఏలో (వీపు వైపు నుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే) రొటేషన్ (మనిషి పక్కకి తిరిగిపోవడం) కూడా ఎలా చూస్తారో చెప్పండి.

డార్క్‌రూమ్_బాబాయ్:
తమ్ముడూ, హైపోలో (ఫిల్ము కడిగే మందు) చేతులు ముంచిన కాలం నుంచీ నాది ఇదే పని. తేడా పైకీ కిందకీ ఉంటే ట్యూబు యాంగిల్ సరిపోలేదు. ముందుకీ వెనక్కీ ఉంటే కాలు తిరగడంలో తప్పు. అడక్టర్ ట్యుబర్‌కిల్ అనే చిన్న బొడిపె ఉన్నది మీడియల్ (లోపలి వైపు) కాండైల్. అది వెనక్కి పోతే మోకాలిచిప్పని టేబుల్ వైపు ఇంకాస్త తిప్పు. ముందుకొస్తే ఎక్కువ తిప్పేశావు. ట్యుబర్‌కిల్ కనపడకపోతే ఫిబులా (పిక్క పక్కనుండే సన్న ఎముక) తల చూడు: టిబియా (ముంగాలి పెద్ద ఎముక) చాటున బాగా దాక్కుంటే తక్కువ తిరిగినట్టు, బయటికొచ్చేస్తే ఎక్కువ. యాంగిల్ తలవైపుకి 5 డిగ్రీలు, పొట్టిగా నడుము వెడల్పుగా ఉన్నవాళ్లకి 7 నుంచి 10. ఈకాలం పిల్లలు ఇవేవీ చూడరు, రిపీట్ బటన్ ఉందిగా.

రేఖ_ఎక్స్‌రే:
చెస్ట్‌లో రొటేషన్ కన్నా జడే పెద్ద తలనొప్పి. నూనె రాసి బిగించి అల్లిన జడ కుడి ఎపెక్స్ (ఊపిరితిత్తి పైకొన) మీద పడి, టీబీ అనుమానంతో వచ్చిందొక అమ్మాయి. జడ పైకి ముడేసి తీస్తే ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. తాళి కూడా తీయించాల్సిందే.

గోదారోడు:
తాళి తీయమంటే మా దగ్గర మొగుళ్లు కొట్టడానికొస్తారు మేడమ్. పళ్లతో పట్టుకోమంటాం, అయిపోతుంది.

రేఖ_ఎక్స్‌రే:
అలా పట్టుకున్నావిడ గడ్డం దించుతుంది. గడ్డం నీడ ఎపెక్స్ మీదే పడుతుంది. మీకు అయిపోతుంది, రిపోర్టు రాసేవాళ్లకి అవదు.

ఓరుగల్లు_టెక్:
మా దిక్కు ఇది లొల్లే కాదు. దారానికి పసుపు కొమ్ము కట్టుకుని తాళి తీసి కొంగుల ముడేసుకుంటరు. దారం, కొమ్ములు రూంలనే పెట్టుకున్నం. "దారం ఉన్నదా బిడ్డా" అని ముసలమ్మలే అడుగుతరు.

గోదారోడు:
అర్ధరాత్రి క్యాజువాలిటీలో పసుపు కొమ్ము వెతుక్కోమంటారా? ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా చెప్తారు.

రేఖ_ఎక్స్‌రే:
ఓపీలో కూడా అదే చేస్తున్నారుగా! పైగా కొలిమేషన్ (కిరణాలు పడే మేర) మొత్తం తెరిచేసి తర్వాత స్క్రీన్ మీద క్రాప్ చేసేది కూడా మీలాంటివాళ్లే. ఇమేజ్ కత్తిరిస్తే పేషెంటుకి తగిలిన డోసు వెనక్కి రాదు.

గోదారోడు:
నా కొలిమేషన్ మీరెప్పుడు చూశారండీ? మాట జాగ్రత్త.

రిపోర్టు_రాసేవాణ్ణి:
ఇద్దరూ ఆగండి. జడ సంగతి మేము కనిపెట్టగలం, ఎపెక్స్ అసలు ఫీల్డులోనే లేకపోతే ఏం చేయలేం. రొటేషన్‌కైతే క్లావికిల్స్ (మెడ కింది ఎముకలు) లోపలి కొసలు రెండూ స్పైనస్ ప్రాసెస్‌కి (వెన్నుపూస వెనక మొన) సమదూరంలో ఉన్నాయా చూడండి. స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంగడం) ఉన్నవాళ్లకి ఆ లెక్క పనికిరాదు. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది మంచం మీద పోర్టబుల్ తీసి "ఏపీ" (ముందు వైపు నుంచి తీసింది) అని రాయకపోవడం. గుండె పెద్దగా కనపడుతుంది, ఇంట్లోవాళ్లు ఎకో కోసం పరుగెడతారు.

కొత్త_డీఎమ్‌ఐటీ:
సర్, తుంటికి పాదాలు 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పమని నేర్పారు. కింద పడి వచ్చిన తాతగారికీ తిప్పొచ్చా?

డార్క్‌రూమ్_బాబాయ్:
ఫ్రాక్చర్ అనుమానం ఉంటే ముట్టుకోకు! కాలు ఎలా ఉంటే అలాగే తీయి. లెస్సర్ ట్రోకాంటర్ (తొడ ఎముక లోపలి వైపు బొడిపె) పెద్దగా కనపడితే కనపడనీ. ఇది కూడా నేర్పలేదా మీ కాలేజీలో?

రేఖ_ఎక్స్‌రే:
బాబాయ్, పిల్లాడు అడిగాడు కాబట్టే తెలిసింది, అరవకండి.

ఓరుగల్లు_టెక్:
అది సరే గానీ, మీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జీలు (మనకు తగిలిన రేడియేషన్ కొలిచేటివి) మూడు నెలలకు సక్కగ మారుస్తున్నరా? మాయి ఇంకా పాతవే వేలాడుతున్నయ్.