ఎమ్మా లాజరస్ సానెట్‌లో విగ్రహం ఎవరితో మాట్లాడుతోంది?

ప్రశ్న: స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పీఠంలో ఉన్న, అమెరికన్ కవయిత్రి ఎమ్మా లాజరస్ రాసిన ‘ది న్యూ కొలోసస్’ (కొత్త మహావిగ్రహం) అనే సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, చివర వలస వచ్చేవారిని ‘కిక్కిరిసిన మీ తీరాలు తోసివేసిన చెత్త’ అన్నట్టుగా ఉంది. స్వాగతం పలికే పద్యంలో ఇంత కించపరిచే మాట ఎందుకు వచ్చిందో పెద్దలు వివరించగలరు.

సమాధానం: అక్కడ విగ్రహం ఎవరిని సంబోధిస్తోందో చూస్తే మీ సందేహం తీరుతుందండీ. ‘అలసిన మీవారిని, మీ పేదలను నాకివ్వండి’ అన్నప్పుడు ఆ ‘మీ’ ఓడ దిగుతున్నవారిది కాదు, వారిని నిలువనీయని పాత దేశాలది. దానికి ముందు మాటే ‘ప్రాచీన దేశాల్లారా, కథలకెక్కిన మీ వైభవం మీరే ఉంచుకోండి’ అని. పెదవి కదపకుండానే ఆమె అలా ఎలుగెత్తి పలికిందని కవయిత్రి రాసింది. కనుక చెత్త అన్నది ఆ దేశాలు కట్టిన వెల. మీరు పనికిరారని తోసేసినవారే నాకు కావాలని ఆమె ఆ వెలను వారి ముఖానే తిప్పికొడుతోంది. ఆ మాటను మెత్తబరిస్తే పద్యం ప్రాణమే పోతుందని నా అభిప్రాయం.

మొదటి ఎనిమిది పాదాలను వదిలి చివరివి మాత్రమే ఉదహరించడం వల్లనే ఈ సందేహం తరచుగా వస్తుంది. రోడ్స్ ద్వీపంలో నిలిచిన గ్రీకుల కంచు విగ్రహం వంటిది కాదు ఇది అనే నిరాకరణతో పద్యం మొదలవుతుంది. ఆపైన దివిటీ పట్టిన స్త్రీని చూపి, ఆ మంటను బంధించిన మెరుపుగా వర్ణించి, ఆమెకు ‘దేశం విడిచినవారి తల్లి’ అని పేరు పెడుతుంది. ఆ తల్లి ఎవరి పక్షాన ఎవరిని నిలదీస్తోందో ఈ వరస తెలిస్తేనే బోధపడుతుంది.

నిజానికి ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న ఆ విగ్రహం అసలు పేరు ‘ప్రపంచానికి వెలుగునిచ్చే స్వేచ్ఛ’; పాదాల వద్ద తెగిన సంకెళ్లున్నాయి గాని వలసల ప్రస్తావన లేదు. పీఠానికి నిధులు సేకరిస్తున్న 1883లో, రష్యాలో యూదులపై సాగిన దాడుల నుంచి పారిపోయి న్యూయార్క్ చేరినవారి దుస్థితిని స్వయంగా చూసిన లాజరస్ ఆ అర్థాన్ని కల్పించింది. 1886 ఆవిష్కరణ సభలో ఈ పద్యం ఎవరూ చదవలేదు. మరుసటి ఏడాదే ఆమె మరణించింది. స్నేహితురాలు జార్జినా స్కైలర్ పూనికతో 1903లో గాని కంచు ఫలకం మీద చెక్కి పీఠం లోపల పెట్టలేదు.

మరో ప్రశ్న: పద్యం చివరి పాదంలో విగ్రహం ‘బంగారు ద్వారం పక్కన నా దీపం ఎత్తి పట్టుకున్నాను’ అంటుంది కదా, ఆ ద్వారం అందరికీ తెరిచే ఉందా అండీ?

సమాధానం: లేదండీ. పద్యం రాయడానికి ముందు ఏడాది, 1882లోనే, చైనా కూలీల రాకను నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది. 1917 చట్టం మన దేశస్థులను కూడా ఆపింది. తెలుగువారు పెద్దయెత్తున అక్కడికి వెళ్లగలగడం 1965 చట్టం తరువాతి సంగతి. అయితే ఆ చట్టం ప్రాధాన్యమిచ్చింది బంధుత్వానికి, వృత్తి నైపుణ్యానికి. మన వైద్యులు, ఇంజనీర్లు పట్టాలు చేతబట్టుకుని వెళ్లారు. లాజరస్ విగ్రహం అడిగినది మాత్రం చేతిలో ఏమీ లేనివారిని.