గాలికి చీలిన మూడేళ్ల బత్తాయి కొమ్మ: కట్టాలా, కోసేయాలా?

దేవరకొండ బత్తాయి:
నిన్న సాయంత్రం గాలిదుమారం. వాన ఐదు నిమిషాలే, గాలి మాత్రం అరగంట కొట్టింది. నావి జంబేరి (ముళ్లుండే ఒక రకం నిమ్మ) మొదలు మీద కట్టిన బత్తాయి అంట్లు, పెట్టి మూడేళ్లు. చిన్నాచితకా కొమ్మలు విరిగినవి కోసేశాను, వాటి గురించి బాధ లేదు. నాలుగు చెట్లకు మాత్రం పంగ దగ్గరే చీలింది. చీలిక జానెడు ఉంటుంది, లోపల తెల్లగా తడిగా ఉంది, ఒక పక్క బెరడు రెండు వేళ్ల వెడల్పున ఇంకా పట్టుకొని ఉంది. ఆకు వాడలేదు. మా నాయిన "బిగించి కట్టు, అతుక్కుంటది" అంటున్నాడు. పక్క చేను పెద్దాయనేమో "కోసెయ్, లేకుంటే చెట్టే పోతది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కొల్లాపూర్ మామిడి:
కోసెయ్ తమ్ముడూ. నేను మామిడికి ఇట్లనే కట్టి బుద్ధి తెచ్చుకున్నాను. రెండేళ్లు బాగానే ఉంది, ఆకులు, పూత అన్నీ వచ్చాయి. మూడో ఏడు కాయ బరువు పడగానే అదే పంగలో ఫట్‌మని చీలింది. ఈసారి కాండం సగం తొక్కతో సహా ఊడి వచ్చింది. మొదటే కోసి ఉంటే ఒక కొమ్మతో పోయేది.

నాంపల్లి రైతుబిడ్డ:
అన్నా, మీది మామిడి, కాయ బరువు వేరు. నేను పోయిన ఏడు బత్తాయికే కట్టాను, నిలబడింది. కాకపోతే కట్టిన పద్ధతి ముఖ్యం. ముందు ఆ కొమ్మ మీద సగం ఆకు కోసి బరువు తగ్గించాను. ఒకరు కొమ్మను లేపి పట్టుకుంటే నేను చీలికలో ఇరుక్కున్న మట్టి, పుల్లముక్కలు తీసి, బెరడు అంచు అంచుకు తగిలేలా మూసి, పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి చుట్టాను. కింద వాసం ఆసరా. చీలిన రోజే కట్టాలి. నాలుగు రోజులు ఎండకు లోపల గోధుమరంగు తిరిగాక కట్టినా దండగే.

తోటల డిప్లొమా:
ఇద్దరు చెప్పిందీ నిజమే. చీలిన చెక్క మళ్లీ అతకదు, ఎప్పటికీ. బెరడు కింద పచ్చిగా ఉండే పలుచని పొర ఒక్కటే పెరుగుతుంది. బెరడు అంచులు కలిసి ఉంటే అది రెండు వైపుల నుంచి పెరిగి చీలికను పైనుంచి కప్పుతుంది. అంటే కొమ్మను పట్టి ఉంచేది ఇకమీదట వచ్చే కొత్త చెక్కే. చిన్న చెట్టు త్వరగా లావెక్కుతుంది కాబట్టి దానికి అవకాశం ఎక్కువ.

పంగ ఎట్లా ఉందో కూడా చూడండి. రెండు కొమ్మలు ఇరుకుగా, దాదాపు నిలువుగా లేస్తే మధ్యలో బెరడు నొక్కుకుపోయి ఉంటుంది, చెక్కకు చెక్క పట్టు ఉండదు. అలాంటిది కట్టినా మళ్లీ అక్కడే పోతుంది, కోయండి. వెడల్పుగా విచ్చుకున్న పంగ అయితే కట్టి చూడండి. కోసేటప్పుడు కాండానికి ఆనించి నున్నగా కోయొద్దు, మొండి కూడా వదలొద్దు. కొమ్మ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి దానికి బయట కోయాలి. పైనుంచి ఒకేసారి రంపం వేస్తే బరువుకు కింద తొక్క చీరుకుపోతుంది. ముందు కింద నుంచి కొంచెం గాటు పెట్టుకోండి.

కొల్లాపూర్ మామిడి:
కోసిన చోట బోర్డో పేస్టు, అదే మైలుతుత్తం (రాగి మందు), సున్నం కలిపిన పూత, మరిచిపోవద్దు.

తోటల డిప్లొమా:
అది తప్పనిసరేం కాదు. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. గాయానికి పూత పూసినంత మాత్రాన లోపల పుచ్చడం ఆగదని, చెట్టే గాయం చుట్టూ అడ్డుగోడ కట్టుకుంటుందని తేల్చాడు.

కొల్లాపూర్ మామిడి:
ఆయన కోసింది అడవి చెట్లు సార్. మన బత్తాయికి బంక తెగులు ఉంది. రేపు మృగశిర వానలు మొదలైతే మొదళ్ల నుంచి బంక కారుతుంది. అప్పుడు అమెరికా ఆయన వస్తాడా?

తోటల డిప్లొమా:
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. తారు, పెయింటు పూయడం వేరు, రాగి మందు వేరు. బంక తెగులు ఉన్న తోటలో, అదీ మొదలుకు దగ్గరగా కోసినప్పుడు, పూయడమే మంచిది. చీలికను మూసి కట్టేటప్పుడు మాత్రం లోపల పూయకండి, మధ్యలో పొరలా నిలిచి బెరడు కలవనివ్వదు.

నాంపల్లి రైతుబిడ్డ:
నాలుగు చెట్లకు బోర్డో పేస్టు కిలోలు కలపనక్కర లేదు. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా నానబెట్టి తర్వాత కలపాలి. ప్లాస్టిక్ బకెట్లోనే, ఇనుప డబ్బాలో వద్దు. శుభ్రమైన ఇనుప కత్తి ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. ఇంకోటి, కొమ్మ పోయిన చోట ఇన్నాళ్లు నీడన ఉన్న కాండం మీద ఇప్పుడు ఎండ పడుతుంది. రోహిణి ఎండకు బెరడు మాడి పగులుతుంది, ఆ పక్క సున్నం కొట్టండి.

దేవరకొండ బత్తాయి:
ఇరవై రోజులైంది, చెబుతానని రాస్తున్నాను. మూడు కట్టాను, ఇరుకు పంగ ఉన్నది ఒకటి కోసి పేస్టు పూశాను. కట్టిన వాటిలో ఒకటి వారానికే ఆకులు ముడుచుకొని ఎండింది, దాన్నీ కోసేశాను. మిగతా రెండు చిగురు వేశాయి. మొదట కోసిన చెట్టుకు గుబురుగా చిగుర్లు వచ్చాయని నాయిన సంబరపడ్డాడు. వంగి చూస్తే అంటు కట్టు కింద నుంచి, ఒంటి నిండా ముళ్లు. జంబేరి. గిల్లేశాను. ట్యూబు ఎప్పుడు విప్పాలి?

నాంపల్లి రైతుబిడ్డ:
ఇప్పుడే వద్దు. నెలకోసారి వేలు దూర్చి చూడు. బెరడులోకి దిగుతున్నట్టు ఉంటే వదులు చేసి కొంచెం పక్కకు జరిపి కట్టు. వచ్చే ఎండాకాలం గాలులు దాటేదాకా వాసం తీయకు, ఆ రెండు కొమ్మల మీద పిందె పడితే తెంపెయ్.