పాప క్షేమంగా ఇంటికొచ్చింది, అయినా దండం పెట్టుకోవాలంటే మనసు ఒప్పుకోవట్లేదు

పాపాయి_అమ్మ:

మా పాపకి ఏడాది దాటి రెండు నెలలు. మొన్న మామూలు జలుబు జ్వరంలో ఉండగా నా ఒళ్లోనే ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసింది, పళ్లు బిగుసుకుపోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, పెదాలు నీలంగా అయిపోయాయి, ఎంత పిలిచినా పలకదు. కాసేపటికి కొట్టుకోవడం ఆగి ఒళ్లంతా వదిలేసి నా భుజం మీద వాలిపోయింది. నిజానికి ఫిట్స్ కంటే ఆ వాలిపోవడం చూసే నా పైప్రాణాలు పైనే పోయాయి. హాస్పిటల్లో అన్నీ చూసి, జ్వరం వల్ల వచ్చిన ఫిట్స్, మెదడుకి ఏమీ కాదు అని చెప్పి, ఒక రాత్రి ఉంచి పంపించేశారు. ఇప్పుడు ఇల్లంతా పాకుతూ అన్నీ లాగి పారేస్తోంది.

నేను అడగాలనుకున్నది వేరే. చిన్నప్పటి నుంచి నాకు దేవుడంటే నమ్మకం. ఆ రాత్రి దారి పొడవునా నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్ అని ఏడుస్తూనే ఉన్నాను. పాప దక్కింది. కానీ కృతజ్ఞతగా కళ్లు మూసుకుంటే చాలు, వార్డులో పక్క బెడ్ మీద ఉన్న బాబు గుర్తొస్తున్నాడు. వాళ్లమ్మ కూడా నాలాగే దండం పెట్టుకుంటూ కూర్చుంది. మేం వెళ్లకముందు నుంచీ వాళ్లు అక్కడే ఉన్నారు, మేం వచ్చేశాక కూడా అక్కడే ఉన్నారు. దేవుడు మా పాపని కాపాడాడు అని నేనంటే, మరి ఆ బాబు సంగతేంటి? ఆమె ప్రార్థనలో ఏం తక్కువైందని? ఇది తెగట్లేదు నాకు. ఇంకోటి, రాత్రిళ్లు మాటిమాటికీ లేచి పాప నుదురు పట్టుకుని చూస్తున్నాను. నమ్మకం ఉన్నవాళ్లకి ఇంత భయం ఉంటుందా? ఇలాంటివి దాటొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

బుజ్జిగాడి_అమ్మ:

ఉంటుంది చెల్లీ. మావాడికి ఊపిరాడక ఆక్సిజన్ మీద పెట్టినప్పుడు నాకు ఒక్క ప్రార్థన కూడా పూర్తిగా గుర్తు రాలేదు, రోజూ చదువుకునేవే. కాపాడు, కాపాడు, అదొక్కటే. ఆ స్థితిలో నోటికొచ్చింది ఏదైనా ప్రార్థనే అని నేను నమ్ముతాను. దేవుడు మన భాష సరిగ్గా ఉందా అని చూడడు.

భయం గురించి అంటావా, భయం పోతేనే నమ్మకం ఉన్నట్టు అని మనకి ఎవరు చెప్పారో తెలీదు గానీ అది తప్పు. నాకు రెండూ పక్కపక్కనే ఉండేవి. నాకు దారి చూపించింది ఒక నర్సు. మావాడి చెయ్యి చల్లబడిపోయి నరం దొరక్కపోతే, ఆమె సూది పక్కన పెట్టేసి వాడి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరుస్తూ కూర్చుంది. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆమె తొందరపడలేదు. తరవాత ఒక్క పోటుతో కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి, చేతి కింద చిన్న అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుట్టింది. ఇంటికొచ్చాక "దేవుడా థాంక్స్" అంటే నాకు మాట ఖాళీగా అనిపించేది, ఆ చేతుల కోసం థాంక్స్ అన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. పెద్ద పెద్ద ప్రశ్నలు అలా ఉంచి, నువ్వు కళ్లారా చూసినవాటితో మొదలుపెట్టు.

పిల్లల_వార్డు_నర్స్:

పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి ముందు ఫిట్స్ సంగతి చెప్తానమ్మా, అది తేలితే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 100 మందిలో 2 నుంచి 5 మందికి జ్వరంతో ఇలా ఫిట్స్ వస్తాయి. చాలావరకు 5 నిమిషాల లోపే వాటంతట అవే ఆగిపోతాయి. ఆగాక అలా వాలిపోవడం, మగతగా ఉండటం మామూలే. ఒకసారి వచ్చినవాళ్లలో మూడో వంతు మందికి ఇంకో జ్వరంలో మళ్లీ రావచ్చు, అందుకని తెలుసుకుని ఉండటం మంచిది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూడండి, గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, స్పూను కూడా. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. ఒక్క రోజులో రెండోసారి వచ్చినా, ఆగాక ఎంతకీ తెలివి రాకపోయినా, మెడ బిగుసుకుపోయినా, ఒంటి మీద మచ్చలు తేలినా వెంటనే తీసుకెళ్లాలి. జ్వరం మందు పాపకి హాయినిస్తుంది గానీ ఫిట్స్‌ని ఆపదు, కాబట్టి డోసు టైమ్‌కి వేయలేదేమో అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

కృతజ్ఞత అన్నారు కాబట్టి ఇంకో మాట. మా సీనియర్లు చెప్పేవారు, వాళ్ల కాలంలో జ్వరంతో ఫిట్స్ అంటే ముందు మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) భయమే, చాలామంది పిల్లలకి వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి వచ్చేది. 1990ల నుంచి ఒక్కో దేశంలో హిబ్ అనే క్రిమి రాకుండా టీకా వేయడం మొదలయ్యాక ఆ క్రిమి వల్ల వచ్చే మెనింజైటిస్ చాలా తగ్గిపోయింది. మీరు ఎప్పుడో ఏడుస్తున్న పాపని పట్టుకుని వేయించిన టీకాల్లో అదీ ఉండే ఉంటుంది. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, ఆ టీకా కనిపెట్టినవాళ్ల బుర్రల్లో కూడా ఆయనే ఉన్నాడని నా నమ్మకం.

మౌనంగా:

నేను మీరు చెప్పిన పక్క బెడ్ తల్లిలాంటిదాన్ని. మా బాబుది పుట్టుకతో వచ్చిన గుండె సమస్య, హాస్పిటలే మా రెండో ఇల్లు. అందుకే రాస్తున్నాను.

డిశ్చార్జ్ కాగితం పట్టుకుని వెళ్లేవాళ్లని చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉండేది, లేదని అబద్ధం చెప్పను. కానీ వాళ్ల బిడ్డ బాగుపడటం వల్ల నా బిడ్డకి ఏమీ తగ్గలేదు. బాధ పెట్టింది వాళ్ల సంతోషం కాదమ్మా, మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని గబగబా వెళ్లిపోవడం. ఒకావిడ మాత్రం పాపని ఎత్తుకుని మా దగ్గరికొచ్చి, "మీ బాబు పేరేంటి, రోజూ తలుచుకుంటాను" అంది. ఆవిడ ఎవరో కూడా నాకు తెలీదు, కానీ చాలా రాత్రులు ఆ మాట పట్టుకుని గడిపాను.

ఎందుకు ఒకరికి ఇలా, ఇంకొకరికి అలా అన్నది నాకు తెలియదు. పూర్వజన్మ కర్మ అనో, పరీక్ష అనో నాకు వివరించబోయినవాళ్లందరినీ దూరం పెట్టాను. నా ప్రార్థనలో ఏదో తక్కువైందని నేనైతే అనుకోవట్లేదు, దయచేసి మీరూ అనుకోవద్దు. ఈ పూట బాబు పాలు వాంతి చేసుకోకుండా తాగాడా, అయితే ఈ పూటకి దండం. నా నమ్మకం ప్రస్తుతం అంతే పొడవుంది, కానీ గట్టిగానే ఉంది. మీరు మీ పాపని చూసి మనస్ఫూర్తిగా సంతోషపడండి. మా మీద జాలితో దాన్ని దాచుకోవద్దు.

పాపాయి_అమ్మ:

మౌనంగా గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ బాబుని తప్పకుండా తలుచుకుంటాను, పేరు చెప్పాలనిపిస్తే చెప్పండి. రేపు చెకప్‌కి అదే హాస్పిటల్‌కి వెళ్తున్నాం, ఆ పక్క బెడ్ అమ్మ ఇంకా అక్కడుంటే కలుస్తాను. నర్సు గారూ, ఒక్కటి చెప్పండి, రాత్రిళ్లు ఇలా లేచి చూడటం అవసరమా?

పిల్లల_వార్డు_నర్స్:

జ్వరం లేనప్పుడు అస్సలు అక్కర్లేదు. జ్వరం ఉన్న రాత్రి పాప పక్కనే పడుకోండి, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వంతులేసుకోండి, హాయిగా నిద్రపోతుంటే మందు కోసం లేపొద్దు. జ్వరం లేని రోజుల్లో కూడా మీకు నిద్ర పట్టకపోతే, కళ్లు మూస్తే అదే దృశ్యం కనబడుతుంటే, రేపు చెకప్‌లో ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. పాప గురించి కాదు, మీ గురించి.